బాలింత ఆయాసము

నెలలు నిండుచున్న స్త్రీ మేడమెట్లెక్కుచు నడుమ నాగి రొప్పినచో, ఇంటి పెద్దలు "ఒట్టి మనిషి కాదు గదా, ఆయాసముండదా?" యని సమాధానపడుదురు. ఆ మాటలో అసత్యము లేదు. గర్భకాలమున శరీరమునందు మిక్కుటముగా నూరు ప్రొజెస్టెరాన్ అను హార్మోను మెదడునందలి శ్వాసకేంద్రమును ప్రేరేపించుచుండుటచేత, ఆరోగ్యవతులైన గర్భిణులలో సగముకంటె నెక్కువమందికి ఏదో యొక దశయందు ఊపిరి చాలనట్లు తోచుట సహజము. గుండె నిమిషమునకు మునుపటికంటె పది యిరువది సారులు హెచ్చుగా కొట్టుకొనును. కాళ్ళకు నీరు దిగును. రాత్రివేళ పిక్కలు పట్టివేయును. ఇవియన్నియు గర్భలక్షణములే. కాని ఊపిరితిత్తుల రక్తనాళములలో గడ్డ వచ్చి యడ్డుపడినప్పుడు కనబడు లక్షణములును ఇవియే. సహజమైన ఆయాసమును ప్రాణాంతకమైన ఆయాసమును ఒకే వేషముతో వచ్చుటయే ఈ వ్యాధిని గుర్తించుటయందలి కష్టమంతయు. ఆ వేషమును తొలగించి చూచుటకు వైద్యులు పడు శ్రమ యెట్టిదో, ఆ శ్రమకు ఇంటివారు తోడ్పడవలసిన దెక్కడనో చెప్పుటకే ఈ వ్యాసము.

సంఖ్యలలో చూచినచో ఇది అరుదైన వ్యాధియే. వేయి గర్భములలో ఒకటి రెండింటియందు కాలి సిరలలోనో ఊపిరితిత్తులలోనో గడ్డ యేర్పడును. కాని అదే వయస్సున నుండి గర్భము లేని స్త్రీతో పోల్చినప్పుడు ఈ ప్రమాదము నాలుగైదు రెట్లు హెచ్చు. ఇంగ్లండు దేశమున 1952 మొదలుకొని ప్రతి మాతృమరణమును, పేర్లు బయటపెట్టక, కారణము తేలువరకు విచారించు సంప్రదాయ మొకటి కలదు. రక్తస్రావమును, గర్భిణులకు వచ్చు రక్తపుపోటును చాలవరకు లొంగదీసికొన్న ఆ దేశమునందు, తల్లుల ప్రాణములు తీయు ప్రత్యక్షకారణములలో ఈ గడ్డలు నేటికిని ముందువరుసలోనే నిలిచియున్నవి. మన దేశమున కేరళ ప్రసూతివైద్యులు 2004 నుండి అట్టి విచారణనే నడుపుచున్నారు. పాత శత్రువులు వెనుకకు తగ్గినకొలది ఈ శత్రువు ముందునకు వచ్చుట మనకును తప్పదు.

గడ్డ సాధారణముగా ఊపిరితిత్తులలో పుట్టదు. కాలి లోతుసిరలోనో, పొత్తికడుపునందలి సిరలోనో పుట్టి, అక్కడనుండి తెగి, రక్తప్రవాహముతో పైకి కొట్టుకొనిపోయి, గుండె కుడిభాగమును దాటి, ఊపిరితిత్తులకు రక్తమును గొనిపోవు ధమనిలో చిక్కుకొనును. చిన్నదైనచో ఊపిరితిత్తి యంచున నొక మూల దెబ్బతిని, ఊపిరి లోనికి పీల్చినప్పుడెల్ల ప్రక్కలో పొడిచినట్లు నొప్పి పుట్టును. పెద్దదైనచో, పలుచని గోడలు గల గుండె కుడిగది ఆ యడ్డంకికి ఎదురుగా రక్తమును త్రోయలేక ఉబ్బి, అలసి, ఒక్కొక్కప్పుడు నిమిషములలోనే ఆగిపోవును. దూరపుసిరలలో పుట్టిన గడ్డయే ఊపిరితిత్తులకు చేరుచున్నదని నిరూపించినవాడు 19వ శతాబ్ది మధ్యమున జర్మనీలో నుండిన రుడోల్ఫ్ విర్ఖో యను మహావైద్యుడు. రక్తము మందముగా కదలుట, రక్తనాళపు గోడకు గాయమగుట, రక్తమునందే గడ్డకట్టు గుణము హెచ్చుట, ఈ మూడింటిని ఆయన పేరిట వైద్యవిద్యార్థులు నేటికిని వల్లించుచుందురు.

గర్భము ఈ మూడింటిని ఒక్క దేహమునందే చేర్చును. నెలలు నిండిన గర్భాశయమునకు నిమిషమునకు అరలీటరునకు తక్కువ గాకుండ రక్తము పోవుచుండును. మాయ ఊడిన క్షణమున ఆ నాళములన్నియు నోళ్ళు తెరచుకొనును. ఆ క్షణమున తల్లి రక్తమంతయు కారిపోకుండుటకై ప్రకృతి నెలలముందే సన్నాహము చేయును. రక్తమును గడ్డకట్టించు ఫైబ్రినోజెన్ మొదలగు పదార్థములు పెరుగును. గడ్డకట్టుటను అదుపునందుంచు ప్రొటీన్ ఎస్ తగ్గును. కట్టిన గడ్డను కరగించు శక్తియు మందగించును. తల్లిని రక్షించుటకు పెట్టిన కావలియే ఒక్కొక్కతెకు కాలయముడగుచున్నది. దీనికి తోడు, పెరిగిన గర్భాశయము పొత్తికడుపులోని సిరలను నొక్కిపట్టును. కుడికాలికి పోవు ధమని ఎడమకాలినుండి వచ్చు సిరకు అడ్డముగా దాటుచుండుటచేత, ఎడమసిర సహజముగానే కొంత అణగియుండును. కావుననే గర్భిణులకు కాలిలో వచ్చు గడ్డలు పదింట ఎనిమిది పాళ్ళకు పైగా ఎడమకాలియందే కనబడును. ఇవి తరచుగా పిక్కలో గాక తొడకు పైభాగమున పుట్టును గాన, నొప్పి గజ్జలోనో, పిరుదునందో, పొత్తికడుపు క్రిందనో తెలియును. నెలలు నిండిన స్త్రీ అచ్చట నొప్పి యన్నచో ఎవరికి వింత? ఈ వ్యాధి వేషములలో నిదియు నొకటి.

ఐరోపాయందు పూర్వము బాలింత కాలొకటి తెల్లగా నున్నగా ఉబ్బి, ముట్టుకొననీయని నొప్పితో మంచము పట్టించినప్పుడు, చనుబాలు దారితప్పి కాలిలోనికి దిగినవని నమ్మి, దానిని పాలకాలు అనుచుండిరి. చనుబాలు పడుటయు, కాలుబ్బుటయు ఒకే వారమున జరుగుచుండుటచేత ఆ భ్రాంతి పుట్టినది. 1823లో లండనునందలి డేవిడ్ డేవిస్ అను ప్రసూతివైద్యుడు అట్లు మరణించిన స్త్రీల దేహములను కోసి చూచి, కటిభాగపు సిరలు గడ్డలతో పూడియుండుటను లోకమునకు వెల్లడించెను. మన పల్లెలలో బాలింతవాతమనియు, సన్నిపాతమనియు చెప్పుకొని కన్నీరు తుడుచుకొనిన మరణములలో కొన్నియైనను ఇట్టివే యైయుండునని నాకు తోచుచుండును.

ఇక నిర్ణయము మాట. సహజమైన ఆయాసము వారములమీద మెల్లగా వచ్చును, పనిలో హెచ్చి, కూర్చున్నచో తగ్గును, మాటకు అడ్డురాదు. గడ్డవలని ఆయాసము తరచుగా అకస్మాత్తుగా వచ్చును. కదలక కూర్చున్నను విడువదు. దానితో ప్రక్కపోటు, దగ్గులో నెత్తుటిచార, కన్నులు తిరిగి పడుట, తగ్గని గుండెదడ, ఒక్క కాలు మాత్రమే లావగుట, వీనిలో ఏది చేరినను అది చిన్నమాట కాదు. రెండు కాళ్ళకును నీరు దిగుట సాధారణము; పిక్కలచుట్టు టేపుతో కొలిచినప్పుడు ఒక దానికంటె మఱియొకటి రెండు సెంటీమీటర్లు హెచ్చుగా నున్నచో అది సాధారణము కాదు. వేలికి తగిలించి ప్రాణవాయువును కొలుచు చిన్నయంత్రము ఇప్పుడు అనేక గృహములలో నున్నది. అందులో అంకె తగ్గినచో భయపడవలసినదే కాని, తగ్గలేదని నిర్భయముగా నుండరాదు. చిన్నగడ్డలలో ఆ యంకె చెక్కుచెదరకపోవచ్చును.

మన దేశమున ఈ చిక్కునకు మఱియొక ముడి పడుచున్నది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన గర్భిణులలో సగముకంటె నెక్కువమంది రక్తహీనులు. ఆయాసమని వచ్చిన ఆమె కనురెప్ప క్రిందికి లాగి చూచి, పాలిపోయియుండుట గమనించి, "రక్తము తక్కువ" యని ఇనుపమాత్రలు వ్రాసి పంపుట సులువు. ఆమెకు నిజముగానే రక్తము తక్కువగా నుండుటచేత ఆ నిర్ణయము సగము సత్యము. ఆ సగము సత్యమే ప్రమాదకరము. రక్తహీనత గడ్డను ఆపదు. అట్లే చిన్ననాటి కీళ్ళవాతపు జ్వరముచే గుండెకవాటము చెడి, గర్భము వచ్చువరకు బయటపడని స్త్రీలును, ప్రసవసమయమున గుండెకండరము బలహీనపడినవారును, న్యుమోనియా సోకినవారును ఇదే ఆయాసముతో వత్తురు. వారికి హాని చేయకుండ అసలు కారణమును వెదకవలసియుండుటచేతనే పరీక్షలు.

రోగి రక్తపుపోటు పడిపోవుచున్నచో కాలయాపనకు తావు లేదు. మంచమువద్దనే గుండెకు ఎకో పరీక్ష చేసి, కుడిగది ఉబ్బియున్నదేమో చూచి, వెంటనే చికిత్సకు పూనుకొందురు. అట్టి విపత్తు లేనప్పుడు ఛాతీకి ఎక్స్‌రేయు, ఇ.సి.జి.యు తీయుదురు. ఇక్కడ నొక హెచ్చరిక: గడ్డ యున్నను ఎక్స్‌రే చాలసారులు శుభ్రముగనే యుండును. ఎక్స్‌రే గడ్డను చూపుటకు గాదు, న్యుమోనియా మొదలగు ఇతర కారణములను కనుగొనుటకును, తరువాత ఏ స్కాను తగునో నిశ్చయించుటకును. ఊపిరి అందనివారి ఎక్స్‌రే బాగున్నదన్నచో అది సంతోషింపవలసిన వార్త కాదు. అనుమానమును పెంచవలసిన వార్త.

కాలిలో ఏ మాత్రము వాపో నొప్పియో యున్నచో మొదట చేయదగినది కాలి సిరలకు డాప్లర్ స్కాను. ఇది కేవలము ధ్వనితరంగములతో చేయునది; కిరణములు లేవు. కాలిలో గడ్డ కనబడినచో ఊపిరితిత్తులను స్కాను చేయకయే చికిత్స ఆరంభింపవచ్చును, ఏలయన రక్తము గడ్డకట్టకుండ చేయు మందు రెండింటికిని ఒక్కటియే. కాని కాలిలో గడ్డ లేదన్నంతమాత్రమున ఊపిరితిత్తులలో లేదని కాదు. అది కటిభాగమున కనుమరుగై యుండవచ్చును, లేదా అప్పటికే మొత్తముగా తెగి పైకి పోయియుండవచ్చును.

డి-డైమర్ అను రక్తపరీక్ష పేరు కోవిడ్ నాళ్ళలో ఇంటింటికిని తెలిసినది. గడ్డ కరగునప్పుడు దానినుండి విడివడు తునకను కొలుచు పరీక్ష ఇది. ఇతరులలో ఆ సంఖ్య 500 నానోగ్రాములకు లోబడియున్నచో, వైద్యుని పరిశీలనతో గలిపి, గడ్డ లేదని చెప్పవచ్చును. గర్భిణులలోనైతే ఏ జబ్బు లేకున్నను నెలనెలకు అది పెరుగుచుండును. చివరి మూడు నెలలలో చాలమందికి 500 దాటియే యుండును. కావుననే 2015 నాటి బ్రిటిష్ ప్రసూతివైద్యుల మార్గదర్శకములు గర్భిణులకు ఈ పరీక్ష చేయవద్దనినవి. 2019లో వెలువడిన ఒక పరిశోధన ఈ తలుపును కొంత తెరచినది. నెదర్లాండ్సు, ఫ్రాన్సు, ఐర్లండు దేశముల ఆసుపత్రులలో అనుమానముతో వచ్చిన 498 మంది గర్భిణులను మూడు ప్రశ్నలతో పరిశీలించిరి: కాలిలో గడ్డలక్షణములు గలవా? దగ్గులో రక్తము పడినదా? వైద్యుని మనస్సునకు అన్నిటికంటె ఈ వ్యాధియే యెక్కువ సంభావ్యముగా తోచుచున్నదా? మూడింటికిని లేదన్న జవాబు వచ్చి, డి-డైమర్ 1000కి లోపల నున్నను, లేక ఒక్కదానికైనను ఔనని వచ్చి డి-డైమర్ 500కి లోపల నున్నను, స్కాను చేయకయే విడిచిపెట్టిరి. ఈ పద్ధతివలన నూటికి 39 మందికి స్కాను తప్పినది. మొదటి మూడు నెలలవారిలో 65 మందికి, చివరి మూడు నెలలవారిలో 32 మందికి మాత్రమే. అనుమానపడిన వారిలో నిజముగా గడ్డ యున్నవారు నూటికి నలుగురు మాత్రమే యగుటచేత, ఈ వడపోత విలువ తక్కువది కాదు. అయినను ఒక్కమాట మరువరాదు: ఈ పరీక్ష లేదని చెప్పుటకే పనికివచ్చును, కలదని చెప్పుటకు కాదు. సంఖ్య హెచ్చుగా వచ్చినదని భయపడి, వేరేమియు చూడక, సూదిమందులు మొదలుపెట్టుట నిర్ణయము కాదు.

చివరకు తేల్చునవి ఊపిరితిత్తుల స్కానులే. ఒకటి, సిరలోనికి రంగుమందు ఎక్కించి ధమనులను చిత్రించు సి.టి. యాంజియోగ్రామ్, రెండవది, స్వల్పముగా రేడియోధార్మికత గల కణములను ఎక్కించి రక్తము ఏ భాగమునకు పోవుచున్నదో ఏ భాగమునకు పోవుటలేదో చూచు పెర్‌ఫ్యూజన్ స్కాను. ఎక్స్‌రే శుభ్రముగా నున్నప్పుడు రెండవది చక్కగా పనిచేయును. తల్లి రొమ్ములపై పడు కిరణములును అందులో తక్కువ. కాని అణువైద్యవిభాగము గల పెద్ద ఆసుపత్రులలో తప్ప అది దొరకదు, రాత్రివేళ అసలే దొరకదు. సి.టి. నేడు జిల్లా పట్టణములలోను కలదు. గడ్డ లేకున్నచో న్యుమోనియా వంటి వేఱు కారణము నొక్కొక్కసారి అదియే చూపును. గర్భిణి రక్తప్రవాహము వేగవంతమైనదగుటచేత రంగుమందు పలుచబడి, చిత్రము మసకగా రావచ్చును. పైగా ఆమె గట్టిగా ఊపిరి పీల్చి నిలిపినచో, క్రిందిభాగమునుండి రంగులేని రక్తము ఒక్కసారిగా గుండెలోనికి చొచ్చి, చిత్రమును ఇంకను చెడగొట్టును. అనుభవజ్ఞులైనవారు ఆమెను మెల్లగా ఊపిరి తీసి నిలుపుమందురు.

"స్కాను తీసినచో కడుపులో బిడ్డకేమగునో" యని ఇంటివారు సంతకము చేయుటకు జంకుట నేటికిని నిత్యము జరుగుచున్నదే. కొందఱు వైద్యులును ఆ జంకునకు లోనగుదురు. దీనిని గూర్చి సంకోచము లేకుండ చెప్పవలసియున్నది. ఛాతీకి తీయు సి.టి. స్కానునందు కిరణములు తల్లి ఛాతీకే గాని గర్భమునకు గురిపెట్టబడవు. చెదరి బిడ్డకు చేరునది సుమారు 0.05 నుండి 0.5 మిల్లీగ్రే వరకు మాత్రమే. 50 మిల్లీగ్రేలకు లోబడిన మోతాదుచేత శిశువునకు అంగవైకల్యముగాని, గర్భస్రావముగాని కలిగినట్లు ఆధారము లేదు. అనగా ఈ స్కాను ఆ హద్దులో నూరవవంతునకు మించదు. తల్లి రొమ్ములపై 3 నుండి 10 మిల్లీగ్రేల వరకు పడునన్నది నిజమే. అది ఆలోచింపదగిన విషయమే గాని, ప్రాణభయమెదుట త్రాసులో తూగునది కాదు. తల్లి మరణించినచో కడుపులోని బిడ్డను ఏ కిరణభీతియు కాపాడదు.

స్కాను మానుకొని, అనుమానముమీదనే నెలలతరబడి మందు పొడుచుటయు దయ కాదు. ఆ మందులు వాడుచున్నప్పుడు ప్రసవమునాటి రక్తస్రావభయము హెచ్చును. చివరిమోతాదునకు పిమ్మట 24 గంటలు గడువనిదే నడుములో మత్తుసూది ఈయ జంకుదురు. గడ్డ వచ్చినదన్న పేరు ఆమెకు జీవితాంతము అంటిపెట్టుకొని, తరువాతి కాన్పులలోను, గర్భనిరోధకమాత్రల విషయములోను వెంటాడును. ఉన్నదని చెప్పుట యెంత ముఖ్యమో, నిశ్చయముగా లేదని చెప్పుటయు అంత ముఖ్యము. అనుమానము బలముగా నుండి, స్కానుకు కొన్నిగంటలు పట్టునప్పుడు మాత్రము, ఆ లోపల మందు మొదలుపెట్టి, లేదని తేలినచో ఆపివేయుట సరియైన మార్గము.

ప్రసవముతో ఈ ప్రమాదము తీరిపోవునని తలచుట అన్నిటికంటె పెద్ద పొరపాటు. ఈ గడ్డలలో సుమారు సగము గర్భకాలపు తొమ్మిది నెలలలోను, తక్కిన సగము కాన్పు తరువాతి కొన్ని వారములలోను వచ్చుచున్నవన్నచో, దినమునకు దినము పోల్చినప్పుడు బాలింతకు గల ప్రమాదము గర్భిణికంటె ఎన్నిరెట్లో పాఠకులే ఊహింపవచ్చును. మొదటి ఆరువారములు మిక్కిలి గడ్డుకాలము. పండ్రెండవ వారము వరకు కొంత శేషముండును. సిజేరియన్ జరిగినవారికి, ఎక్కువ రక్తము పోయినవారికి, కాన్పు పిమ్మట జ్వరము సోకినవారికి, స్థూలకాయులకు, ముప్పదియైదేండ్లు దాటినవారికి, మునుపు గడ్డ వచ్చినవారికి ఇంకను హెచ్చు. పైని చెప్పిన సర్వే ప్రకారమే దేశమున నూటికి 21.5 కాన్పులు సిజేరియన్ కాగా, ఆంధ్రప్రదేశములో 42.4, తెలంగాణములో 60.7. ఈ వ్యాధిని గూర్చి తెలుగువారు అందఱికంటె ముందుగా తెలిసికొనవలసిన కారణ మీ యంకెలలోనే యున్నది.

మన ఆచారములను నిందించుట నా యుద్దేశము గాదు; బాలింతకు విశ్రాంతి నిచ్చిన పూర్వుల కరుణ గొప్పది. కాని బాలింత నీరు త్రాగరాదని గొంతు తడుపుటకు మాత్రము పోయుటయు, నెల్లాళ్ళు మంచము దిగనీయకుండుటయు ఆ కరుణకు తగినవి కావు. నీరు చాలని రక్తము చిక్కబడును. కదలని కాలిలో రక్తము నిలుచును. బాలింతలకు మెదడు సిరలలోనే గడ్డలు కట్టుటను తరచుగా చూచిన మన దేశపు నాడీవైద్యులు, నీరు మాన్పించు ఈ యలవాటును ఒక కారణముగా నెత్తిచూపియున్నారు. దాహమునకు సరిపడ నీరు, తొలినాటినుండి గదిలోనే నాలుగడుగులు, ఇవి ఖర్చులేని రక్షలు.

మఱియొక చిక్కును గూర్చి ఎవరును మాటలాడరు. మన తొలికాన్పులు పుట్టినింట జరుగును. గర్భకాలమంతయు చూచిన వైద్యురాలు ఒక ఊరు. కాన్పు చేసిన ఆసుపత్రి మఱియొక ఊరు. మూడవనెలలో బిడ్డతో అత్తవారింటికి చేరిన పిమ్మట ఆయాసము వచ్చినచో చూపించుకొను వైద్యుడు మూడవవాడు. అప్పటికి ఆమె కడుపు మామూలైనది. బిడ్డ ఇంటివద్ద నున్నది. ఎదుట కూర్చున్నది ఒక సామాన్య యువతి. ప్రక్కపోటనినచో గ్యాసనియు, దడయనినచో ఆందోళనయనియు మందు వ్రాయబడును. ఆమె మొన్నటి బాలింత యన్న ఒక్కమాట ఆ వైద్యుని చెవిని పడకపోవుటచేతనే నిర్ణయము తప్పిపోవును.

గుర్తించినచో చికిత్స కలదు. బ్రిస్టల్ నగరమున బారిట్, జోర్డన్ అను వైద్యులు 1960లో ప్రకటించిన పరిశోధనలో, మందీయని 19 మందిలో ఐదుగురు ఊపిరితిత్తుల గడ్డలచేత మరణింపగా, ఇచ్చిన 16 మందిలో ఒక్కరును అట్లు మరణింపలేదు. ఈయకుండుట అధర్మమని ఆ పరీక్షనే నిలిపివేసిరి. నేడు గర్భిణులకు చర్మము క్రింద ఇచ్చు హెపారిన్ జాతిసూదులు మాయను దాటి బిడ్డను చేరవు. కాన్పైన తరువాత ఆరువారములైనను, మొత్తముమీద మూడునెలలకు తగ్గకుండను వాడుదురు. పాలిచ్చు తల్లికి హెపారిన్, వార్ఫరిన్ రెండును ఈయవచ్చును. రివరోక్సబాన్ వంటి క్రొత్తమాత్రలు ఆ కాలమున తగవు. సి.టి. కొఱకు ఎక్కించిన రంగుమందు చనుబాలలోనికి చేరునది నూటికి ఒక వంతుకంటె తక్కువ; పాలు మాన్పింప నక్కరలేదు.

కావున ఈ పత్రిక చదువు తల్లులకు, అత్తలకు, భర్తలకు నా విన్నపమొక్కటే. కాన్పై మూడునెలలు నిండని స్త్రీకి హఠాత్తుగా ఆయాసముగాని, ప్రక్కపోటుగాని, ఒక్కకాలి వాపుగాని వచ్చినచో, తెల్లవారువరకు చూతమని ఆగవలదు. ఆ రాత్రియే 108కి ఫోను చేసి ఆసుపత్రికి గొనిపొండు. వైద్యుడు ఏమైనదని యడుగకముందే, కాన్పైన తేదీ చెప్పుడు.